వాతావరణం గురించి మనలాంటివాళ్లు ఎవరితో చెప్పాలి? చెబితే వినే చోటు విశాఖలో ఏదైనా ఉందా?

సీతమ్మధార_శైలు
జూన్ 5, పర్యావరణ దినోత్సవం వచ్చిందంటే మా ఏరియాలో హడావుడి చూడాలి. టీ షర్టులు, ఫ్లెక్సీలు, ఆర్కే బీచ్‌లో ర్యాలీ, ప్రతిజ్ఞ, ఎవరో పెద్దాయన మొక్కకు నీళ్లు పోస్తుంటే చుట్టూ ఫోన్లు. ఆరో తారీఖుకి ఆ మొక్క ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. ఇవన్నీ చూసి విసుగొచ్చి అడుగుతున్నాను. ఎండలు ఇలా ముదురుతున్నాయి, ఏదో ఒకటి చేయండి అని మామూలు మనుషులు చెప్పాలంటే అసలు ఎవరికి చెప్పాలి? మా అపార్ట్‌మెంట్ మీటింగులో డాబా మీద సోలార్ పెట్టిద్దాం అన్నాను. "అమ్మా, ఇలాంటివి ఢిల్లీలో చూసుకుంటారు, ముందు లిఫ్ట్ సంగతి తేలుద్దాం" అని నవ్వేశారు. వాట్సాప్ గ్రూపులో వార్త పెడితే దాని కింద గుడ్‌మార్నింగ్ గులాబీలు పడతాయి. ఉద్యోగం చేసుకునేదాన్ని, ఏ పార్టీ లేదు, ఏ సంఘమూ లేదు. మొక్క నాటండి, గుడ్డ సంచి పట్టుకెళ్లండి అని మాత్రం చెప్పకండి, అవి ఎప్పట్నుంచో చేస్తున్నాను. నోరు విప్పడం గురించి అడుగుతున్నాను.

కైలాసగిరి_కోతి
మొక్క నాటండి.

కైలాసగిరి_కోతి
సరే సరే, కొట్టకండి. నాకూ తెలుసుకోవాలనే ఉంది. ఇక్కడే కూర్చుంటాను.

గాజువాక_గోపి
మేడం, మీరు ఏసీ 26లో పెట్టుకుని, నేను బండి మానేసి బస్సెక్కితే మిగిలేదెంత? మా గాజువాకలో బట్టలు ఆరేస్తే సాయంత్రానికి దులుపుకుని లోపలికి తెచ్చుకోవాలి. పొగ వదిలేది పెద్దపెద్దోళ్లు, ప్రతిజ్ఞ చేసేది మనం. 2020 మే 7న ఆర్ఆర్ వెంకటాపురం ఫ్యాక్టరీలో స్టైరిన్ గ్యాస్ లీకయ్యి మనుషులు పోయేదాకా అక్కడ ట్యాంకుల్లో ఏముందో పక్క వీధి వాళ్లలో ఎంతమందికి తెలుసు? మనం మాట్లాడితే వింటారు అనుకోవడం భ్రమ.

ఫ్యూజుకాల్_తాత
గోపీ, బాబూ, వినరు అని తేల్చేసే ముందు వినే కుర్చీ ఎక్కడుందో చూడాలి కదా. నేను కరెంటు డిపార్ట్‌మెంటులో పనిచేసి రిటైరయ్యాను. జనం అస్సలు పట్టించుకోని చోటు ఒకటి చెబుతాను.

ఏటా నవంబరు ఆఖరుకి డిస్కంలు, అంటే మన ఇళ్లకు కరెంటు పంపిణీ చేసే కంపెనీలు, వచ్చే ఏడాది లెక్కలు ఏపీ విద్యుత్ నియంత్రణ మండలి ముందు పెడతాయి. ఎంత కరెంటు కొంటాం, ఎవరి దగ్గర కొంటాం, బొగ్గుది ఎంత, సోలార్‌ది ఎంత, గాలిమరలది ఎంత, దానికి ఎంత ఖర్చు, మీ దగ్గర యూనిట్‌కి ఎంత వసూలు చేయాలి, అన్నీ అందులో ఉంటాయి. ఆ తర్వాత పేపర్లో ప్రకటన వస్తుంది, అభ్యంతరాలు చెప్పమని. ఎవరైనా చెప్పొచ్చు. రాసి డిస్కంకి ఒకటి, మండలికి ఒకటి పంపాలి. విచారణలో మాట్లాడతాను అని రాస్తే పిలిచి మైకు ఇస్తారు. మన డిస్కం ఈపీడీసీఎల్ హెడ్ ఆఫీసు ఉన్నదే విశాఖలో, శైలు గారి సీతమ్మధారలో! విచారణ చాలాసార్లు ఇక్కడే పెట్టారు.

అసలు సంగతేమిటంటే, తర్వాత రేట్లు ఖరారు చేస్తూ వచ్చే టారిఫ్ ఆర్డర్‌లో ఎవరు ఏ అభ్యంతరం చెప్పారు, దానికి డిస్కం ఏం జవాబిచ్చింది, మండలి ఏమంది అనేది వరసగా అచ్చేస్తారు. మీరు బీచ్‌లో అరిచిన అరుపు ఎక్కడా అచ్చవదు. వచ్చేవాళ్లు ఎవరో తెలుసా? ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీల వాళ్లు, రైతు సంఘాలు, కమ్యూనిస్టు పార్టీల వాళ్లు, ఇంకా నాలాంటి తల నెరిసిన వాళ్లు నలుగురు. ఇంట్లో మీటరున్న మామూలు గృహిణి గానీ ఉద్యోగి గానీ నా కంట పడటం అరుదు.

సీతమ్మధార_శైలు
తాతగారూ, రోజూ ఆ ఆఫీసు ముందు నుంచే వెళ్తాను! ఇలాంటిది ఒకటి ఉందని ఇప్పుడే వింటున్నా. లాయరు కావాలా? ఇంగ్లీషులో మాట్లాడాలా?

ఫ్యూజుకాల్_తాత
లాయరక్కర్లేదు. తెలుగులో మాట్లాడొచ్చు, రైతులు అలాగే మాట్లాడతారు. కాకపోతే "భూమాతను కాపాడండి" అంటే మండలి పెద్దాయన తలూపి నెక్స్ట్ అంటారు. "మీ లెక్కలో ఫలానా పేజీలో సాయంత్రం పీక్‌కి, అంటే వాడకం బాగా పెరిగే వేళకి, మార్కెట్లో కొనే కరెంటు ఇంత రాశారు, దానికి బదులు బ్యాటరీలు పెట్టే ఆలోచన ఉందా, లేకపోతే ఎందుకు లేదు" అని అడగండి. జవాబు రాసి ఇవ్వక తప్పదు.

పెందుర్తి_మాస్టారు
తాతగారు చెప్పింది బాగుంది కానీ నాకు పూర్తిగా నచ్చలేదు. మైకు ముందు ఒక్కరు నిలబడి పేజీ నంబరు చదివితే మారేది కొంతే. మన ఉత్తరాంధ్రలో ఏదైనా ఆగిందంటే ఊరు ఊరంతా నిలబడితేనే ఆగింది. శ్రీకాకుళం జిల్లా సోంపేట గుర్తుందా? బీల నేలల్లో బొగ్గు కరెంటు ప్లాంటు అన్నారు. ఆ నీటినేల మీద చేపలు పట్టుకునేవాళ్లు, వరి పండించుకునేవాళ్లు, గడ్డి కోసుకునేవాళ్లు ఎంతమంది! 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగాయి, ఇద్దరు పోయారు. అదే రోజు పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్లాంటు అనుమతి కొట్టేసింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కాకరాపల్లిలోనూ అలాంటి ప్లాంటు గొడవలోనే కాల్పులు. నేను అప్పట్లో టెక్కలి దగ్గర పనిచేసేవాణ్ని. పిల్లలు అటెండెన్స్ పలికేటప్పుడు కూడా గొంతు తగ్గించి పలికేవారు ఆ నెలంతా.

గాజువాక_గోపి
అదే నేననేది మాస్టారూ. ప్రాణాలు పోతే గానీ వినలేదు.

పెందుర్తి_మాస్టారు
కాదు గోపీ, సగమే విన్నావు. ప్రాణాలు పోయినందుకు అనుమతి పోలేదు. అప్పీలు ముందే వేసి ఉంది కాబట్టి పోయింది. అది బంజరు కాదు, చిత్తడి నేల అని కాగితాలు పట్టుకుని తిరిగినవాళ్లు ఉన్నారు. రోడ్డు మీద జనం, ఫైల్లో కాగితం, రెండూ ఉండాలి. తాతగారిది రెండోది మాత్రమే, నీది రెండూ వద్దనడం.

ఉక్కునగరం75
ఇంతసేపు చదివాను, ఇక ఆగలేను. బొగ్గు బొగ్గు అని తిడుతున్నారు, మా స్టీల్ ప్లాంటు కూడా బొగ్గు మీదే నడుస్తుంది. దాన్నీ మూసేయమంటారా? 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 32 మంది ప్రాణాలిస్తే వచ్చిన ప్లాంటు అది. మా నాన్న భూమి ఇచ్చి అందులో హెల్పర్‌గా చేరాడు. ఇప్పుడు కాంట్రాక్టు కార్మికుల పరిస్థితి మీకు తెలుసా? ఎండాకాలం ఏసీలో కూర్చుని పర్యావరణం అనడం తేలిక.

సీతమ్మధార_శైలు
మూసేయమని ఎవరన్నారండీ? నేనెక్కడా అనలేదు.

ఉక్కునగరం75
మీరు అనలేదు మేడం. కానీ ఈ మాటలన్నీ చివరికి తేలేది అక్కడికే. మూయాలంటే మొదట గుర్తొచ్చేది పబ్లిక్ సెక్టారే కదా.

మధురవాడ_టెకీ
ఉక్కునగరం గారూ, తిప్పి ఆలోచించండి. బ్లాస్ట్ ఫర్నేస్‌లో టన్ను ఉక్కు తీస్తే రెండు టన్నులకు పైనే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. 2026 జనవరి నుంచి యూరప్ వాళ్లు దిగుమతయ్యే ఉక్కు మీద కార్బన్ పన్ను లెక్క మొదలుపెట్టారు. రేపు మిగతావాళ్లూ పెడతారు. అంటే ప్లాంటు నిలబడాలన్నా టెక్నాలజీ మారాలి. మీ యూనియన్లు "అమ్మొద్దు" అన్నంత గట్టిగా "ఆధునికం చేయండి, డబ్బు పెట్టండి" అని కూడా అంటే అది వాతావరణం మాటే అవుతుంది. ఉక్కు తీయడానికి బొగ్గుకు బదులు హైడ్రోజన్ వాడొచ్చు. పుడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. అక్కణ్ణుంచి మీ గేటు ఎంత దూరం? ఆ హైడ్రోజన్ ఎగుమతికేనా, మాకూ కొంత ఇస్తారా అని అడిగే హక్కు అందరికంటే ముందు మీకే ఉంది.

ఉక్కునగరం75
ఇది కొంచెం వినేలా ఉంది. హైడ్రోజన్‌తో ఉక్కు మన దగ్గర ఇప్పట్లో అయ్యే పని కాదనుకోండి, ఖర్చు ఎక్కడికో పోతుంది. కానీ గేటు మీటింగులో ఈ ప్రశ్న వేస్తే ఎవరూ కొట్టరు.

కైలాసగిరి_కోతి
"ఎవరూ కొట్టరు" అనేది విశాఖలో ఐఎస్ఐ మార్కు.

జాలరిపేట_కుర్రోడు
మీరంతా మీటింగులు, పేజీ నంబర్లు అంటన్నారు. మా దగ్గర పడవ పెట్టుకునే జాగా తగ్గిపోతంది. మా తాత రోజుల్లో వలలు ఆరేసుకోడానికి ఇసక ఉండేది, ఇప్పుడు పెద్ద కెరటం వస్తే పడవని తాళ్లేసి ఇంకా పైకి లాగాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, సరే. మిగతా రోజుల్లో కూడా తుపాను హెచ్చరిక, అల్పపీడనం అని వేటకెళ్లొద్దంటారు. ఎళ్లకపోతే పూట గడవదు, ఎళ్తే ఇంట్లో వాళ్లకి టెన్షన్. వంజరం కోసం ఇంకా లోపలికి పోవాల, డీజిలు ఎవడిస్తాడు? మాకు వాతావరణం మారిందని ఎవరూ వచ్చి చెప్పక్కర్లేదు. మా మాట ఎవరు వింటారో అది చెప్పండి.

బీచ్‌రోడ్_వాకర్
నిజం తమ్ముడూ. రోజూ ఉదయం నడుస్తాను, కురుసుర సబ్‌మెరైన్ దగ్గర గోడ పక్క ఇసుక ఒక్కో సీజన్‌కి ఒక్కోలా ఉంటుంది. సముద్రమట్టం పెరుగుతోంది కదా, అదే తినేస్తోంది.

ఆర్టీఐ_రాజు
వాకర్ గారూ, ఇక్కడ కొంచెం జాగ్రత్త. సముద్రమట్టం పెరగడం నిజం. కానీ ఆర్కే బీచ్ కోతకు ముందు చెప్పుకోవాల్సింది హార్బరు గురించి. మన తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద చూస్తే దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. ఔటర్ హార్బర్ గోడలు కట్టాక ఆ ఇసుక దక్షిణం వైపే ఆగిపోతోంది. అందుకే డ్రెడ్జర్‌తో తవ్వి ఆ ఇసుకను తెచ్చి బీచ్‌లో పోస్తారు. పోయడం ఆలస్యమైతే కోత కనబడుతుంది. ఇప్పుడు మీరు ఆఫీసులో "క్లైమేట్ వల్ల బీచ్ పోతోంది" అని రాసిచ్చారనుకోండి, "అది ప్రపంచ సమస్య, మా చేతుల్లో లేదు" అని ఒక్క లైనులో తేల్చేస్తారు. "ఈ ఏడాది ఇసుక ఎంత పోశారు, ఎప్పుడు పోశారు, ఎక్కడ పోశారు" అని అడిగితే తప్పించుకోలేరు. సముద్రం పెరిగే కొద్దీ ఆ పోసేది ఇంకా పెరగాలి, అది రెండో ప్రశ్న.

జాలరిపేట_కుర్రోడు
ఇసక పోసేది టూరిస్టులు తిరిగే దగ్గర అన్నా. మా వైపు పోయడానికి ఎవరూ అడగలేదు.

ఆర్టీఐ_రాజు
అయితే అదే మీ మొదటి ప్రశ్న. ఎక్కడెక్కడ పోశారో మ్యాపుతో సహా ఇవ్వమని అడుగు. సమాచార హక్కు దరఖాస్తు పది రూపాయలు, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు. రాసేటప్పుడు "ఎందుకు చేయలేదు" అని అడగకు, దానికి "సమాచారం కిందకు రాదు" అంటారు. "ఫలానా కాగితం నకలు ఇవ్వండి" అని అడుగు.

మా వీధిలో వానచెట్లు కొట్టేశారు, రోడ్డు వెడల్పని. నేను ఒక ఆఫీసుకి దరఖాస్తు పెట్టాను, పేరెందుకులెండి. చాలా రోజులకు ఒక జీరాక్స్ కాగితం వచ్చింది. చెట్లు కొట్టడానికి అనుమతి, కింద షరతు: కొట్టిన ప్రతి చెట్టుకు బదులు మొక్కలు నాటాలి. "నాటవలసిన స్థలం" అని రాసి పక్కన చుక్కలు. చుక్కల మీద ఏమీ లేదు. రబ్బరు స్టాంపు మాత్రం ఆ చుక్కల మీదకు సగం జరిగి పడి ఉంది. ఆ కాగితం తీసుకెళ్లి కార్పొరేటర్ గారి ముందు పెడితే ఆయనే ఫోన్ చేశారు. స్థలం దొరికింది, మొక్కలు వచ్చాయి, సగం బతికాయి.

కైలాసగిరి_కోతి
చుక్కలు కలిపితే బొమ్మ వస్తుందని చిన్నప్పుడు చెప్పారు, చెట్టు వస్తుందని ఇప్పుడే తెలిసింది.

పెందుర్తి_మాస్టారు
చెట్ల విషయంలో 2002 నాటి వాల్టా చట్టం ఉంది, అనుమతి లేకుండా కొట్టకూడదు. ప్రైవేటు స్థలంలో చెట్టయినా సరే. చాలామందికి అది బోర్ల చట్టంగానే తెలుసు.

బీచ్‌రోడ్_వాకర్
హుద్‌హుద్‌కి పోయిన చెట్లే ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు. 2014 అక్టోబరు 12. గంటకు 180 కిలోమీటర్ల గాలి. మర్నాడు కిటికీ తీస్తే ఎదురుగా కొండ, దాని మీద ఆకు లేదు, అగ్గి పెట్టినట్టు గోధుమరంగు. ఆ తర్వాత వేసవి నుంచి మా వీధిలో మధ్యాహ్నం నడవలేకపోయాం.

మెడికో_మాధవి
వేడి సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. విశాఖలో 37 డిగ్రీలే కదా, విజయవాడలో 44 అని తేలిగ్గా తీసుకుంటారు. వాతావరణ శాఖ లెక్కలోనే వడగాలి అనడానికి మైదానంలో 40 దాటాలి, తీరంలో 37 చాలు. ఇక్కడ గాల్లో తేమ వల్ల చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒంటి వేడి దిగదు. క్యాజువాల్టీకి వచ్చేది ఎవరు? భవన నిర్మాణ కూలీలు, పారిశుధ్య కార్మికులు, ట్రాఫిక్ కానిస్టేబుళ్లు, తోపుడు బండివాళ్లు. వీళ్లలో ఎవరూ ఫోరంలో పోస్టులు పెట్టరు.

అహ్మదాబాద్‌లో 2010లో ఎండలకు చాలామంది పోయాక 2013లో ఊరికంతటికీ వేడి ప్రణాళిక తెచ్చారు. ఏ రంగు హెచ్చరిక వస్తే ఏ శాఖ ఏం చేయాలి అని ముందే రాసిపెట్టుకున్నారు. మన దగ్గర విపత్తుల సంస్థ మండలాల వారీగా హెచ్చరికలు ఇస్తుంది, అది మంచిదే. కానీ ఫోన్‌కి మెసేజ్ వచ్చాక ఆ కూలీకి నీడ ఎక్కడ? నేనైతే శైలు గారికి చెప్పేది ఇదే, డాక్టర్ల చేత మాట్లాడించండి. మా డాక్టర్ల సంఘం ఐఎంఏ మీటింగులకి పిలిస్తే వస్తారు. తెల్ల కోటు వేసుకుని "మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పని ఆపించండి" అంటే కలెక్టరేట్‌లో వినేతీరు వేరుగా ఉంటుంది.

కైలాసగిరి_కోతి
కొత్త బస్ షెల్టర్లు చూశారా? ప్రకటనకు నీడ పడుతుంది, ప్రయాణికుడికి పడదు.

గాజువాక_గోపి
ఇన్నాళ్లకి కోతి ఒక్క సీరియస్ మాట అన్నాడు.

వార్డు_వార్త
మా అన్నయ్య ఒకప్పుడు కార్పొరేటర్. ఇంట్లో కూర్చుని చూసిన అనుభవంతో చెబుతున్నాను. మన నగరపాలక సంస్థ జీవీఎంసీలో 98 వార్డులు. కార్పొరేటర్ దగ్గరకు ఎవరెవరు వస్తారో ఆయనకు ఓటర్ల లిస్టులా గుర్తుంటుంది. "వాతావరణ అత్యవసర పరిస్థితి ప్రకటించండి" అని వినతిపత్రం ఇస్తే ఫొటో దిగి పక్కన పెడతాడు. "మన వార్డులో ఈ మూడు బస్టాపుల్లో నీడ లేదు, ఈ గెడ్డ (వాగు) మీద ఈ చోట ఇల్లు కట్టడంతో వానొస్తే నీళ్లు మా వీధిలోకి వస్తున్నాయి" అని ఫొటోలతో ఇస్తే కౌన్సిల్‌లో జీరో అవర్‌లో లేస్తాడు. ఎందుకంటే అది ఆయనకు పనికొస్తుంది. వినతిపత్రం కింద సంతకాలతో పాటు డోర్ నంబర్లు ఉండాలి, అదే చూస్తారు ముందు.

ఇంకోటి, వార్డు సచివాలయంలో శానిటేషన్, ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీ అని ఒకరుంటారు. పేరులోనే ఎన్విరాన్‌మెంట్ ఉంది, చెత్త బండి గురించి తప్ప ఎవరూ అడగరు. సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్ ఉంటుంది. అక్కడ ఇచ్చిన అర్జీకి నంబరు వస్తుంది, ఆ నంబరు పట్టుకుని వెంటపడొచ్చు.

గాజువాక_గోపి
నంబరు వస్తుంది, తర్వాత "పరిష్కరించబడింది" అని మెసేజ్ కూడా వస్తుంది. సమస్య అక్కడే ఉంటుంది.

వార్డు_వార్త
వస్తుంది, అబద్ధం చెప్పను. అప్పుడు మళ్లీ తెరిపించాలి. ఓపికున్నవాళ్లదే పని అవుతుంది, ఇది న్యాయం కాదు, కానీ జరిగేది అదే.

ఎన్నారై_నాని
అమెరికాలో అయితే మేము సెనేటర్‌కి ఈమెయిల్ కొడతాం, ఆటోమేటిక్ ఫారం ఉంటుంది, రెండు క్లిక్కులు. ఇండియాలో కూడా అలాంటి యాప్ చేస్తే?

కైలాసగిరి_కోతి
నాని బ్రో, ఆ యాప్‌కి ఓటీపీ రావడానికి సిగ్నల్ కోసం డాబా ఎక్కాలి, డాబా మీద ఎండ. చుట్టూ తిరిగి టాపిక్‌కే వచ్చాం.

ఇంటర్_ఇందు
నేను ఇంటర్ సెకండియర్. మేం క్లాసులో కొంతమంది కలిసి జీవీఎంసీ గాంధీ బొమ్మ దగ్గర ప్లకార్డులు పట్టుకుని నిలబడదాం అనుకున్నాం. ఇంట్లో నాన్న "కేసు పెడితే పాస్‌పోర్ట్ రాదు" అన్నారు. లెక్చరర్ "ముందు ఎంసెట్" అన్నారు. రిధిమా పాండే తొమ్మిదేళ్లప్పుడే 2017లో వాతావరణ మార్పు మీద కేసు వేసి గ్రీన్ ట్రైబ్యునల్‌కి వెళ్లింది కదా, మేం నిలబడటానికి కూడా పనికిరామా?

పెందుర్తి_మాస్టారు
పనికొస్తారమ్మా. కానీ రిధిమా కేసు 2019లో ట్రైబ్యునల్ కొట్టేసింది, అది కూడా తెలుసుకో. కొట్టేసినా మాట ఆగలేదు. 2024 మార్చిలో సుప్రీంకోర్టు బట్టమేక పక్షుల కేసులో తీర్పు చెబుతూ, వాతావరణ మార్పుల దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కు రాజ్యాంగం 14, 21 అధికరణాల్లోనే ఉందని చెప్పింది. మీ ప్లకార్డు మీద రాయాల్సింది అది. పోలీసులకు ముందుగా రాతపూర్వకంగా తెలియజేసి, పెద్దవాళ్లు ఒకరిద్దరు వెంట ఉండి, రోడ్డుకు అడ్డం రాకుండా నిలబడితే మీ నాన్నగారికీ కొంత ధైర్యంగా ఉంటుంది. నన్ను పిలవండి, వస్తాను. ఎంసెట్ తర్వాత.

ఇంటర్_ఇందు
మాస్టారూ మీరు కూడానా!!

గాజువాక_గోపి
ఇంతమంది ఇన్ని చెప్పారు, అసలు పెద్ద సంగతి ఎవరూ ఎత్తలేదు. మన విశాఖకి వచ్చే డేటా సెంటర్. 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది కదా, అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లు, ఒక గిగావాట్. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ మొత్తం సామర్థ్యం 2000 మెగావాట్లు. అంటే దాంట్లో సగమంత కరెంటు ఒక్కదానికే. నీళ్లెక్కణ్ణుంచి? ఎండాకాలం మాకు కుళాయి వచ్చేది ఎంతసేపు?

మధురవాడ_టెకీ
ఉద్యోగాలు వద్దా? పిల్లలు బెంగళూరు, హైదరాబాద్ పోవాల్సిందేనా? ఆ కంపెనీలు సోలార్, విండ్ కొంటామని చెబుతున్నాయి కూడా.

గాజువాక_గోపి
డేటా సెంటర్ కట్టాక లోపల మనుషులు ఎంతమంది ఉంటారో నీకు నాకంటే బాగా తెలుసు తమ్ముడూ. వద్దనడం లేదు. సోలార్ కొంటాం అన్నావు, రాత్రి పూట ఏం కొంటారు?

ఫ్యూజుకాల్_తాత
గోపీ, ఇప్పుడు దారిలోకొచ్చావు. "రాత్రి పూట ఏం కొంటారు" అనే ప్రశ్నే నేను మొదట చెప్పిన విచారణలో వేయాల్సింది. అంత లోడు వస్తే దానికి ఏ కరెంటు, లైన్లు, సబ్‌స్టేషన్ల ఖర్చు ఎవరి బిల్లులో పడుతుంది, అన్నీ అక్కడ అడగొచ్చు. సోలార్ మధ్యాహ్నం మిగిలిపోతుంది, సాయంత్రం ఏడింటికి ఏసీలన్నీ ఆన్ అయ్యేసరికి ఉండదు. మొత్తం తగాదా ఆ కొన్ని గంటల గురించే.

పెందుర్తి_మాస్టారు
ఏదైనా పెద్ద ప్రాజెక్టుకు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు వెళ్లేవాళ్ల కోసం రాస్తున్నాను, 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లో ఉన్నవి. కనీసం ముప్పై రోజుల ముందు ఒక తెలుగు పత్రికలో, ఒక జాతీయ పత్రికలో ప్రకటన రావాలి. ప్రాజెక్టు వల్ల పర్యావరణానికి ఏమవుతుందో చెప్పే నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. పెద్ద రిపోర్టు ఇంగ్లీషులో వందల పేజీలుంటుంది, దాన్ని చూసి భయపడొద్దు. రాలేనివాళ్లు కాలుష్య నియంత్రణ మండలికి రాసి పంపొచ్చు. అంతా వీడియో తీయాలి.

అందరూ మర్చిపోయేది ఒకటుంది. చివర్లో ఎవరేమన్నారో సారాంశాన్ని అక్కడే స్థానిక భాషలో చదివి వినిపించాలి. ఆ వేళకి జనం భోజనాల దగ్గర ఉంటారు. టెంటులో కుర్చీలు మడతపెడుతుంటారు, ఒక గుమస్తా మైకులో గబగబా చదువుతుంటాడు. మీరు "చెరువు పోతుంది" అని పది నిమిషాలు మాట్లాడింది "కొందరు నీటి వనరులపై సూచనలు చేశారు" అయిపోతుంది. ఆ క్షణంలో అక్కడ ఉండి "నేనలా అనలేదు, ఇలా అన్నాను, రాయండి" అనే మనిషి ఒక్కరుండాలి. బిర్యానీ పొట్లం ఎటూ చల్లారదు.

జాలరిపేట_కుర్రోడు
నిజమే మాస్టారూ. మా పెద్దోళ్లని ఇలాంటి మీటింగుకి బస్సులో తీసుకెళ్లారు ఒకసారి. ఏం మాట్లాడారు అంటే, సంతకం పెట్టి భోంచేసి వచ్చాం అన్నారు. ఏం సంతకం అంటే తెలీదు.

గాజువాక_గోపి
మన ఊళ్లోనే ఉండే కేంద్ర విద్యుత్ శాఖ మాజీ కార్యదర్శి ఇ.ఎ.ఎస్. శర్మ గారు ఏళ్లుగా ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. ఆయన ఐఏఎస్ కాబట్టి పేపర్లో వేస్తారు. నా ఉత్తరం ఎవరు వేస్తారు?

ఆర్టీఐ_రాజు
ఆయన ఉత్తరాల్లో ఏముంటుందో గమనించు. జీవో నంబరు, సెక్షను, తేదీ, అడిగేది ఒక్కటే. అది రాయడానికి ఐఏఎస్ చదవక్కర్లేదు.

ద్వారకానగర్_సెక్రటరీ
శైలు గారూ, అపార్ట్‌మెంట్ సంగతి అందరూ వదిలేశారు, నేను అవతలి పక్షం మనిషిని, అసోసియేషన్ సెక్రటరీని. మాకు రోజూ తిట్లు తప్ప ఏమీ రావు, అందుకే కొత్తగా ఏదన్నా అంటే ముందు వద్దంటాం. మా దగ్గర సోలార్ ఎలా ఒప్పుకున్నారంటే, ఒకావిడ ఏమీ మాట్లాడకుండా కామన్ మీటర్ బిల్లులు, అంటే లిఫ్టు, మోటారు, కారిడార్ లైట్లవి, నెలనెలా నోటీసు బోర్డుకు గుచ్చడం మొదలుపెట్టింది. పక్కన పెన్నుతో ఫ్లాటుకి ఎంత పడుతుందో రాసేది. అంతే. నాలుగో బిల్లుకి ఎదుటి ఫ్లాటు ఆయనే వచ్చి "ఏమండీ, దీనికేదన్నా చేయలేమా" అన్నాడు. పీఎం సూర్యఘర్‌లో హౌసింగ్ సొసైటీల కామన్ అవసరాలకు కిలోవాట్‌కి 18 వేలు సబ్సిడీ ఉంది. విడి ఇళ్లకైతే మూడు కిలోవాట్లు, ఆపైన పెట్టుకుంటే 78 వేలు. డాబా మీద వాటా ఎవరిది అనే గొడవ వస్తుంది, దానికి ముందే తీర్మానం రాయించుకోండి. మా దగ్గర టాప్ ఫ్లోర్ ఆయన వడియాలకి స్థలం పోతుందని రెండు నెలలు ఆపాడు.

కైలాసగిరి_కోతి
వడియాలు కూడా సోలార్ ప్రాజెక్టే. సీనియారిటీ ఉంది.

సీతమ్మధార_శైలు
సెక్రటరీ గారూ, మా లిఫ్టు సంగతి తేలాకే సోలార్ అన్నారు కదా, ఆ లిఫ్టు బిల్లుతోనే మొదలుపెడతాను. తాతగారూ, విచారణ కోసం ఒక ముక్క రాశాను, చూడండి: "గృహ వినియోగదారుగా నా విన్నపం. సాయంత్రం పీక్ వేళల్లో కొనుగోలు చేసే విద్యుత్తులో బొగ్గు వాటా ఎంతో విడిగా చూపాలి. అపార్ట్‌మెంట్లలో డాబా సోలార్‌కు దరఖాస్తు చేసిన నాటి నుంచి నెట్ మీటరు (మిగిలిన సోలార్ కరెంటును కూడా లెక్కించే మీటరు) బిగించే వరకు సగటున ఎన్ని రోజులు పడుతోందో సర్కిల్ వారీగా ఇవ్వాలి. వేసవిలో వడగాలి హెచ్చరిక ఉన్న రోజుల్లో కోతలు ఏ ప్రాంతాల్లో, ఎంతసేపు విధించారో వెల్లడించాలి."

మెడికో_మాధవి
మూడోది చాలా బాగుంది. రాత్రి కోతలు విడిగా అడగండి, పిల్లలకీ ముసలివాళ్లకీ రాత్రి చల్లబడకపోవడమే ఎక్కువ ప్రమాదం.

ఫ్యూజుకాల్_తాత
బాగుందమ్మా. మీ కరెంటు సర్వీస్ నంబరు పైన రాయండి, పూర్తి అడ్రసు రాయండి, "స్వయంగా హాజరై మాట్లాడదలిచాను" అనే వాక్యం తప్పకుండా ఉండాలి. అది లేకపోతే కాగితం తీసుకుంటారు, పిలవరు. డిస్కంకి ఇచ్చేటప్పుడు మీ నకలు మీద, అందినట్టు ఇన్‌వార్డు స్టాంపు వేయించుకోండి.

జాలరిపేట_కుర్రోడు
రాజన్నా, ఇసక దరఖాస్తు నాకు రాసి పెడతావా? సంతకాలు నేను చేయిస్తా, మా పేటలో అందరిచేతా.

ఆర్టీఐ_రాజు
దరఖాస్తు ఒక్కరి పేరు మీదే ఉండాలి తమ్ముడూ. సంతకాలు కలెక్టరేట్ అర్జీకి వాడదాం. ఆదివారం పొద్దున్న చేపలు అమ్ముకోవడం అయ్యాక చెప్పు, నేనే వస్తాను.

ఉక్కునగరం75
విచారణకి నేనూ వస్తాను తాతగారూ. కానీ ముందే చెబుతున్నా, అక్కడ ఎవరైనా స్టీల్ ప్లాంటుకిచ్చే కరెంటు దండగ అన్నారంటే నేనూ మైకు అడుగుతాను.

ఫ్యూజుకాల్_తాత
అడగండి. అయితే మీరూ ముందే రాసివ్వాలి, లేకపోతే మీ పేరు లిస్టులో ఉండదు.